వడపప్పు

నానబెట్టిన పెసరపప్పులో పచ్చికొబ్బరి కోరు, మామిడికాయ తురుము, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి పొయ్యి వెలిగించకుండా చేసుకునే తెలుగువారి పండుగ వంటకం వడపప్పు. చైత్రశుద్ధ నవమినాడు, అంటే శ్రీరామనవమికి, పానకంతోపాటు దీన్ని నైవేద్యం పెట్టి పందిట్లో వచ్చినవారందరికీ పంచుతారు. వినాయకచవితి, నాగులచవితి నైవేద్యాల్లోనూ దీనికి చోటుంది. నూనెలో వేయించే గారెలకు, వడలకు దీనితో పోలిక లేదు. ఈ వ్యాసంలో వడపప్పు చరిత్ర, దినుసులు, తయారీ, రకాలు, పంపకం, ఆహార భద్రత గురించి గోదావరి డెల్టాను, అందులోనూ కాకినాడ జిల్లా సామర్లకోట ప్రాంతాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుని వివరించడమైనది.

నిర్వచనం, లక్షణాలు

వడపప్పుకు మూడు లక్షణాలు ముఖ్యం. మొదటిది, పప్పు నానుతుందే తప్ప ఉడకదు. రెండోది, పులుపు, కారం, కమ్మదనం ఇచ్చే పచ్చి దినుసులు వడ్డించే ముందు కలుస్తాయి. మూడోది, ఇది నిల్వ ఉండేది కాదు. కలిపిన గంట రెండు గంటల్లో పంచి తినేయాలి.

పెసరపచ్చడికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. పెసరపచ్చడికి కూడా పప్పును నానబెడతారు కానీ మిర్చి, జీలకర్ర వేసి రుబ్బుతారు. అది అన్నంలో కలుపుకునే ఆధరువు. వడపప్పులో పప్పు గింజ పలుకు పలుకుగా నిలవాలి, చేతిలో పెట్టుకుని తినేందుకు వీలుగా ఉండాలి. ఆధునిక వంటల వర్గీకరణలో దీన్ని పచ్చి సలాడ్ల కోవలో చేర్చవచ్చు.

చరిత్ర

పెసర (విగ్నా రేడియేటా) భారత ఉపఖండంలోనే సాగులోకి వచ్చిన పంట. దక్షిణ భారత నవీన శిలాయుగపు ఆవాసాల్లో, ముఖ్యంగా బళ్లారి సమీపంలోని సంగనకల్లు వంటి చోట్ల, చిరుధాన్యాలు, ఉలవలతోపాటు మాడిన పెసర గింజలు బయటపడ్డాయి. అంటే క్రీ.పూ. 2000 ప్రాంతానికే దక్షిణాది ప్రజల తిండిలో పెసలు ఉన్నాయి. పప్పుధాన్యాలన్నిటిలో పెసర మేలైనదని చరకసంహిత చెబుతుంది. తేలిగ్గా అరుగుతుందన్న పేరు దీనికి ఆనాటి నుంచే ఉంది. పథ్యపు భోజనంలో ఇప్పటికీ పెసరకట్టుకే మొదటి స్థానం.

మామిడి, కొబ్బరి, అల్లం కూడా ఈ నేలకు పాతకాపులే. పచ్చిమిర్చి మాత్రం కొత్తగా వచ్చింది. మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా భారత తీరాలకు చేరింది. అంతకుముందు దక్షిణాది వంటలో కారానికి మిరియాలు, అల్లం ఆధారం. రామనవమి నైవేద్యాల్లో ఈ రెండు దశలూ పక్కపక్కనే కనిపిస్తాయి. పానకంలో నేటికీ మిరియాల పొడే పడుతుంది, వడపప్పులోకి మాత్రం పచ్చిమిర్చి వచ్చి చేరింది (చూ. పానకం).

ముడిసరుకు: గోదావరి డెల్టాలో పెసర

ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాను వరిసీమగా మార్చింది. ఆనకట్ట నుంచి బయలుదేరే కాలువ సామర్లకోట మీదుగా కాకినాడకు సాగుతుంది. ఒకప్పుడు ఈ కాలువలో సరుకు పడవలు కూడా నడిచేవి. సామర్లకోటకు ఒకవైపు ఈ డెల్టా పల్లపు చేలు, మరోవైపు పెద్దాపురం దిక్కున మెట్టభూములు ఉన్నాయి. హౌరా – చెన్నై ప్రధాన రైలుమార్గంలో కాకినాడకు దారి చీలే జంక్షను కూడా ఇదే.

సార్వా వరి కోసిన తర్వాత కాలువనీరు అందే చేలల్లో దాళ్వా వరి వేస్తారు. నీరు అందని చేలల్లో అపరాలు, అంటే మినుము, పెసర, వేస్తారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇందుకొక ప్రత్యేక పద్ధతి ఉంది. వరి ఇంకా చేలో నిలిచి ఉండగానే, కోతకు కొద్దిరోజుల ముందు, అపరాల విత్తనం చల్లుతారు. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో ఆ మొక్కలు పెరుగుతాయి. దున్నకం, నీటితడి అవసరం పడవు. పప్పుజాతి మొక్కల వేరుబొడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించడం వల్ల పొలానికి కూడా మేలు జరుగుతుంది.

పెసర పంటకాలం రకాన్ని బట్టి 65 నుంచి 75 రోజులు. గుంటూరు వద్దనున్న లాం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ఎల్‌జీజీ 460 రైతులకు బాగా పరిచయమైన రకాల్లో ఒకటి. ఈ పంటకు పెద్ద శత్రువు తెల్లదోమ ద్వారా వ్యాపించే పల్లాకు తెగులు. ఆకులు పసుపుపచ్చగా మారి కాయ పడిపోతుంది.

నవంబరు, డిసెంబరు నెలల్లో చల్లిన పెసర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటికి వస్తుంది. మామిడికాయ పుల్లగా కోతకు వచ్చేది కూడా అప్పుడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే శ్రీరామనవమి నాటికి కొత్త పెసరపప్పు, పచ్చి మామిడికాయ రెండూ చేతికందుతాయి. కొబ్బరికాయకు కోనసీమ ఉండనే ఉంది. అంబాజీపేట రాష్ట్రంలోని పేరున్న కొబ్బరి మార్కెట్లలో ఒకటి. వడపప్పులోని ప్రధాన దినుసులన్నీ ఆ రుతువులో ఆ నేల నుంచే లభిస్తాయి.

దినుసులు

పెసరపప్పు: పొట్టు తీసిన పచ్చని బద్దలే వాడతారు. పొట్టు లేనందువల్ల నీరు త్వరగా లోపలికి చేరుతుంది. పాత పప్పు నానడానికి ఎక్కువసేపు పడుతుంది, రుచిలో చప్పబడుతుంది.

కొబ్బరి: ముదురు కాయలోని పచ్చికొబ్బరి. చెక్కు నల్లదనం రాకుండా తెల్లగా కోరుకోవాలి. పప్పు పొడితనాన్ని కొబ్బరిలోని నూనె సరిచేస్తుంది.

పులుపు: పచ్చి మామిడికాయ తురుము లేదా సన్నని ముక్కలు. పులుపు తక్కువ కావాలనుకుంటే కలెక్టరు కాయ, అంటే తోతాపురి, సరిపోతుంది. మామిడి దొరకని వినాయకచవితి, నాగులచవితి రోజుల్లో నిమ్మరసం పిండుతారు.

కారం, వాసన: పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర. నైవేద్యానికి చేసేది కనుక ఉల్లి, వెల్లుల్లి వేయరు.

ఉప్పు: చివరలో మాత్రమే వేస్తారు. దీనికి కారణం తర్వాతి భాగాల్లో ఉంది (చూ. నానినప్పుడు జరిగే మార్పులు).

తయారీ విధానం

పది మందికి సరిపడా చేసేందుకు 200 గ్రాముల పెసరపప్పు, అరచిప్ప కొబ్బరి, ఒక చిన్న మామిడికాయ, మూడు నాలుగు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క, గుప్పెడు కొత్తిమీర, తగినంత ఉప్పు కావాలి.

పప్పులో రాళ్లు, పుచ్చులు ఏరి, నీళ్లు తేటగా వచ్చేవరకు మూడు నాలుగుసార్లు కడగాలి. కడిగిన నీళ్లు చిక్కటి పసుపు రంగులోకి తిరిగితే పప్పుకు రంగు పూశారని అనుమానించాలి. అటువంటి పప్పు వాడకూడదు. తర్వాత పప్పు మునిగి పైన రెండంగుళాలు నిలిచేలా నీళ్లు పోసి గంట నుంచి రెండు గంటలు నానబెట్టాలి. వేసవిలో గంటంబావు చాలు. బద్దను గోటితో నొక్కితే తేలిగ్గా విరగాలి, నమిలితే పిండి తగలకుండా కరకరలాడాలి. మూడు నాలుగు గంటలు నానితే మెత్తబడి కలిపేటప్పుడు చితికిపోతుంది.

నానిన పప్పును చిల్లుల గిన్నెలో వేసి పది నిమిషాలు వదిలేయాలి. పందిట్లో పెద్దఎత్తున చేసేటప్పుడు పల్చని గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తారు. ఇది చిన్న పనిలా కనిపించినా వంటకం బాగు దీనిమీదే ఆధారపడి ఉంది. తడి మిగిలితే ఉప్పు, పులుపు నీళ్లలో పలచబడి గిన్నె అడుగుకు దిగిపోతాయి.

వడిసిన పప్పును వెడల్పాటి బేసినులోకి తీసుకుని ముందు కొబ్బరి, మామిడి తురుము, తర్వాత తరిగిన మిర్చి, అల్లం, కొత్తిమీర కలుపుతారు. ఉప్పు వడ్డనకు ముందు చల్లి, కింది నుంచి పైకి తిరగేస్తారు.

పెద్ద లెక్కకు కూడా ఇదే కొలత. కిలో పప్పు నానితే సుమారు రెండు కిలోలవుతుంది. రెండు కొబ్బరికాయలు, నాలుగైదు మామిడికాయలు చేరితే మొత్తం రెండున్నర నుంచి మూడు కిలోలకు వస్తుంది. మనిషికి 50 గ్రాముల చొప్పున పెడితే 50 నుంచి 60 మందికి అందుతుంది.

నానినప్పుడు జరిగే మార్పులు

ఎండు పప్పులో తేమ సుమారు పదో వంతు. నానినకొద్దీ పప్పులోని ప్రోటీన్లు, పీచు, పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పిండిరేణువులు ఉడకాలంటే సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటాలి. చన్నీటిలో అవి ఉబ్బుతాయి గానీ పగిలి జిగురు కావు. వడపప్పులోని కరకరకు ఇదే కారణం.

పప్పుధాన్యాలు తిన్నప్పుడు కడుపు ఉబ్బరించడానికి రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఒక ముఖ్య కారణం. మనిషి చిన్నపేగులో ఇవి అరగవు. పెద్దపేగులోని బాక్టీరియా వీటిని పులియబెట్టి వాయువును పుట్టిస్తుంది. నీటిలో కరిగే గుణం ఉన్నందువల్ల వీటిలో కొంత భాగం నానబెట్టిన నీళ్లలోకి దిగుతుంది. అందుకే ఆ నీటిని పారబోస్తారు.

ఉప్పు తేమను బయటికి లాగుతుంది. ముందే కలిపితే మామిడి, కొబ్బరి, పప్పు మూడూ నీరు వదులుతాయి, గంట గడిచేసరికి వంటకం జారుగా తయారవుతుంది.

రకాలు

నైవేద్యపు వడపప్పు: నానిన పప్పులో కొబ్బరి కోరు, కొన్ని ఇళ్లలో బెల్లం తురుము మాత్రమే కలుపుతారు. ఉప్పు, కారం పడవు. దేవుడి ముందు పెట్టాక, పంచే ముందు మిగతా దినుసులు చేర్చే ఇళ్లూ ఉన్నాయి.

మామిడికాయ వడపప్పు: పైన వివరించినది. రామనవమి పందిళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

తాలింపు వడపప్పు: ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి కలిపేది. పోపుకు నిప్పు కావాలి కనుక దీన్ని పూర్తిగా పొయ్యిలేని వంటకం అనలేం. పప్పు మాత్రం ఇందులోనూ పచ్చిదే.

కూరగాయల వడపప్పు: కీరదోస, క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు చేరేది. ఇది ఇటీవలి వాడుక. కీర నీరు ఎక్కువ వదులుతుంది కాబట్టి గింజలు తీసి, తినే ముందు కలపాలి.

శనగపప్పు వడపప్పు: పెసరపప్పుకు బదులు పచ్చి శనగపప్పు వాడేది. మూడు నాలుగు గంటలు నానాలి. గట్టిగా ఉంటుంది, అరగడానికి ఎక్కువసేపు పడుతుంది.

మొలకల వడపప్పు: పొట్టుతో ఉన్న పెసలను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి, ఒక రోజు మొలకెత్తించి చేసేది. మొలకల్లో సి విటమిను పెరుగుతుంది. పరిశుభ్రత విషయంలో మాత్రం మిగతా రకాలకంటే ఎక్కువ జాగ్రత్త అవసరం (చూ. ఆహార భద్రత).

పండుగలు, పంపకం

సామర్లకోట ప్రధానంగా శైవక్షేత్రం. పంచారామాల్లో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం ఇక్కడ ఉంది. తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడి కాలంలో, 9వ శతాబ్ది చివర, 10వ శతాబ్ది ఆరంభంలో ఇది నిర్మితమైంది. ఎత్తైన సున్నపురాతి లింగం రెండంతస్తుల గర్భాలయంలో కొలువై ఉంది. శ్రీరామనవమి వేడుక మాత్రం పెద్ద క్షేత్రాలకు పరిమితమైనది కాదు. ఊరూరా ఉండే రామకోవెల దాని కేంద్రం. తాటాకులు, కొబ్బరాకులతో చలువపందిరి వేసి, మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో సీతారామ కల్యాణం జరిపి, పానకం, వడపప్పు పంచడం డెల్టా గ్రామాల ఆనవాయితీ. సామర్లకోటకు దగ్గరలోని గొల్లల మామిడాడ కోదండరామాలయానికి చిన్న భద్రాద్రి అని పేరు. నవమినాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి భక్తులు అక్కడికి తరలివస్తారు.

పంపకానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. అరిటాకు ముక్క, బాదం ఆకు, విస్తరాకు దొప్ప చాలు. ఇప్పుడు చాలాచోట్ల కాగితపు గిన్నెలు వచ్చాయి. పందిరికి వచ్చినవారు ఎవరన్న ఆరా ఉండదు. చెయ్యి చాచిన ప్రతివారికీ ఒకే కొలతలో దోసిట్లో పెడతారు. పొయ్యి, గాడిపొయ్యి, వంటమనిషి లేకుండానే వందలమందికి సరిపడా తయారు చేయగలగడం ఈ పంపకాన్ని సులువు చేసింది.

నాగులచవితినాడు ఉపవాసం ఉండేవారు పొయ్యిమీద వండినది పుట్టకు నివేదించరు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, ఆవుపాలు తీసుకెళ్తారు. చలిమిడి తడి బియ్యప్పిండి, బెల్లంతో, చిమ్మిలి నువ్వులు, బెల్లంతో తయారవుతాయి. నిప్పు సోకని నైవేద్యాల వరుసలో వడపప్పుకు ఉన్న స్థానం దీనివల్ల స్పష్టమవుతుంది (చూ. చలిమిడి, చిమ్మిలి).

ఇదే కోవలో మరో పంపకం శ్రావణ మంగళవారాల శనగలు. నానబెట్టిన శనగలను తాంబూలంతో కలిపి ముత్తయిదువులకు వాయనమిస్తారు. వాటిని ఇంటికి తీసుకెళ్లి ఉడికించి తాలింపు పెట్టుకుంటారు. వడపప్పు అక్కడికక్కడ తినేది, వాయనపు శనగలు ఇంటికి చేరాక వండుకునేవి. రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇది.

ఇతర ప్రాంతాల్లోని సమాన వంటకాలు

కర్ణాటకలో ఇదే వంటకం కోసంబరి. పెసరపప్పుతోనూ శనగపప్పుతోనూ చేస్తారు, ఆవాల పోపు సాధారణం. అక్కడ కూడా రామనవమికి పానకంతో కలిపి పంచుతారు, పెళ్లి భోజనపు అరిటాకులోనూ వడ్డిస్తారు. తమిళనాడులో దీన్ని వడైపరుప్పు అంటారు. తోడుగా పానకం, నీర్‌మోర్ అనే పలుచని మజ్జిగ ఇస్తారు. మహారాష్ట్రలో చైత్రమాసపు పసుపుకుంకుమల పేరంటాల్లో నానిన శనగపప్పును కచ్చాపచ్చాగా నూరి, మామిడి తురుము కలిపి పెడతారు. దాన్ని ఆంబే డాళ్ అంటారు. దానితోపాటు మామిడికాయ పానీయం పన్హే ఇస్తారు. దక్కను అంతటా చైత్రం, నానిన పప్పు, పచ్చి మామిడి కలిసి వస్తున్నాయని ఈ ఉదాహరణలు చూపుతాయి.

ప్రపంచంలో పచ్చి దినుసుల కలగలుపు వంటకాల్లో ప్రసిద్ధమైనది మెక్సికో సల్సా. టొమాటో, మిర్చి కలిపిన ఇటువంటి వంటకాలు అజ్టెకుల అంగళ్లలో అమ్మేవారని 16వ శతాబ్దపు స్పెయిన్ మతగురువు బెర్నార్డినో దె సహగున్ నమోదు చేశాడు. అందులో గింజలు చేర్చిన రూపం అమెరికాలోని టెక్సస్‌లో పుట్టింది. వంటల నిపుణురాలు హెలెన్ కార్బిట్ 1940 ప్రాంతంలో బొబ్బర్లను వెనిగర్, నూనె, ఉల్లిపాయలతో ఊరబెట్టి కొత్త సంవత్సరపు విందులో వడ్డించింది. ఇప్పుడు దాన్ని కౌబాయ్ కేవియర్ అంటారు. టొమాటో, మొక్కజొన్న, కొత్తిమీర కూడా అందులో చేరాయి. విందుల్లో నలుగురి మధ్య ఒకే గిన్నె పెట్టి పంచుకుంటారు. దాన్ని కలిపేటప్పుడు పొయ్యి అవసరం లేకపోయినా అందులో పడే గింజలు ముందే ఉడికించినవి లేదా డబ్బాలో నిల్వచేసినవి. పప్పును అసలు ఉడికించకపోవడం వడపప్పు ప్రత్యేకత.

పోషక విలువలు

100 గ్రాముల ఎండు పెసరపప్పులో సుమారు 24 గ్రాముల ప్రోటీను ఉంటుంది, 325 కిలోకాలరీల వరకు శక్తి లభిస్తుంది. కొవ్వు చాలా తక్కువ. దోసిట్లో పెట్టే 50 గ్రాముల వడపప్పులో ప్రోటీను సుమారు నాలుగు గ్రాములు. బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పెసరలో పుష్కలం, పెసరలో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో మెరుగ్గా ఉంటుంది. వరి ప్రధానమైన డెల్టా భోజనానికి ఈ జోడి సరిపోతుంది. మామిడి, నిమ్మల్లోని సి విటమిను పప్పులోని ఇనుము శరీరానికి వంటబట్టడానికి తోడ్పడుతుంది. పచ్చి పిండిపదార్థం పూర్తిగా అరగదు కనుక ఒకేసారి ఎక్కువ తింటే కడుపు బరువెక్కుతుంది.

ఆహార భద్రత

వండని వంటకంలో సూక్ష్మజీవులను చంపే వేడి ఎక్కడా తగలదు. అందువల్ల పప్పు నానబెట్టే నీరు, చివరిసారి కడిగే నీరు తాగడానికి పనికొచ్చేవే కావాలి. కాచి చల్లార్చిన నీరు వాడడం మేలు. కొబ్బరి కోరు, నానిన పప్పు ఎండాకాలంలో త్వరగా పులుస్తాయి. వండిన ఆహారమైనా, పాడయ్యే గుణమున్న ఇతర ఆహారమైనా గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే నియమం. చైత్రపు ఎండలో గంటలోపే పంచడం క్షేమం. పెద్ద పందిళ్లలో పప్పును విడతలుగా నానబెట్టి, అయిపోయేకొద్దీ కొత్తది కలుపుకోవాలి. గరిటెతోనో శుభ్రమైన చేతితోనో వడ్డించాలి. మొలకెత్తే వెచ్చదనం, తేమ సాల్మొనెల్లా వంటి బాక్టీరియాకు కూడా అనుకూలమైనవి. అందుకే గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు పచ్చి మొలకలు తినకపోవడం మంచిది.

అన్ని గింజలూ ఈ పద్ధతికి పనికిరావు. రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే విషపదార్థం ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. దాన్ని కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా మరిగించి ఉడికించాలి. సన్నని సెగమీద సగం ఉడికిస్తే విషం పోదు. చిక్కుడు, బొబ్బర్ల ఎండు గింజలను కూడా ఉడికించాకే ఇటువంటి కలగలుపుల్లో వాడాలి.

ప్రాముఖ్యం

పప్పుధాన్యాల ఉత్పత్తిలోనూ వాడకంలోనూ ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిదే. పండినది చాలక దిగుమతి చేసుకుంటున్నది కూడా ఈ దేశమే. ఐక్యరాజ్యసమితి 2016ను అంతర్జాతీయ పప్పుధాన్యాల సంవత్సరంగా జరిపి, ఆ తర్వాత ఫిబ్రవరి 10ని ప్రపంచ పప్పుధాన్యాల దినంగా ప్రకటించింది. ఇంధనం ఖర్చు లేకుండా పప్పును తినే పద్ధతుల్లో వడపప్పు తెలుగునాట అందరికీ తెలిసినది, తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అందేది. విదేశాల్లోని తెలుగు కుటుంబాలు కూడా పెసరపప్పు, గడ్డకట్టించి అమ్మే కొబ్బరి కోరు, నిమ్మరసంతో దీన్ని చేసుకుంటున్నాయి.

రామనవమికే పరిమితం చేయాల్సిన కారణమేదీ ఈ వంటకంలో లేదు. నీరు శుభ్రంగా ఉండి, కలిపిన వెంటనే పంచగలిగితే, బడి వార్షికోత్సవానికైనా వేసవి సాయంత్రపు ఇంటి సమావేశానికైనా వడపప్పు ఏ రోజైనా తగిన ఆహారమే.